గార్డు కూర్చుంటే

సక్రవ్వకు చెవులు వినపడవు. పెళ్ళయిన కొత్తలో కంకర మిషన్ దగ్గర కూలికి కుదిరి, పన్నెండేళ్ళు ఆ చప్పుడు పక్కనే తట్టలు మోసింది. "నా చెవులు గా మిషిన్ల వడి కంకరైనయి" అని నవ్వుతూ చెప్పేది. ఎదురుగా నిలబడి పెదవులు కనిపించేలా మాట్లాడితే మాత్రం అన్నీ అర్థమవుతాయి. ఎవరైనా పక్కకు తిరిగి మాట్లాడితే గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. వినకూడదనుకున్న మాటైతే కళ్ళు మూసుకునేది. నేను డోర్నకల్‌లో సైన్సు టీచరుగా చేరిన మొదటి వారంలోనే, మేకపాలు కావాలని అడగబోతే నా గడ్డం అలాగే పట్టుకుంది.

మాది లింగాల ఘనపూర్. మా ఆయన రాజీవ్‌కు భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగం. ఏడాది నిండని మా పాప దీపను పెట్టుకుని నేను డోర్నకల్‌లో ఒక అద్దె ఇంట్లో ఉండేదాన్ని. తండా నుంచి మేత బీడుకు పోయే తోవ మా ఇంటి ముందు నుంచే. పొద్దున్నే సక్రవ్వ తన మేకల్ని తోలుకుని పోతూ దీపకు పాలు పోసి పోయేది. నేను వాటిని మూడు పొంగులు వచ్చేదాకా కాచేదాన్ని. ఆమె వరండాలోంచి తొంగి చూసి, "పాలను సంపుతున్నవ్ బిడ్డా, జర ఇడిసిపెట్టు" అనేది.

మంద ముందు సక్రవ్వ, ఆమె వెనక మేకలు, అన్నిటికన్నా చివర ఒక గోధుమరంగు కుక్క. దాని పేరు గార్డు. రైలు చివరి పెట్టెలో పచ్చజెండా పట్టుకుని నిలబడే గార్డులాగా ఎప్పుడూ ఆఖరి మేక వెనకే నడుస్తుందని ఆమె భర్త సోమ్లా పెట్టిన పేరు అది. సోమ్లా పట్టాల కింద కంకర సర్దే కూలీ. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి అప్పటికి రెండేళ్ళు.

మేత బీడు రైలు పట్టాలకు అవతల ఉంది. గేటు దగ్గర దాటాలంటే లారీల రోడ్డు మీద చాలా దూరం మేకల్ని తోలాలి. అందుకని తండా వాళ్ళంతా కాలిబాట దగ్గరే పట్టాలు దాటేవాళ్ళు. వినపడని మనిషి అంత రద్దీ లైను ఎట్లా దాటుతుందో నాకు అంతుబట్టక ఒకరోజు అడిగేశాను.

"గార్డు ఉన్నడు గద" అంది సక్రవ్వ. "పట్టాల కాడికి వోయి ఎనకకు తిరిగి సూస్త. వాడు నిలవడితె లైను ఖాళీ. వాడు కూసున్నడా, బండి వస్తున్నట్టు. నేను గూడ కూసుంట."

"ఎవలు నేర్పిన్రవ్వా?"

"ఎవలు నేర్పలే. బండి వస్తుందంటె సోమ్లా పార పక్కకు వెట్టి కూసుంటుండె, బీడి ముట్టిస్తుండె. దాన్ని జూసి వాడు నేర్సుకున్నడు. బీడి ఒక్కటి నేర్సుకోలే."

ఆ ఏడాదే, రెండు వేల పదకొండులో, సకల జనుల సమ్మె వచ్చింది. బడికి మేమే తాళం వేసుకున్నాం. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. భూపాలపల్లిలో గనులు ఆగాయి, రాజీవ్ అక్కడి శిబిరంలో, నేను ఇక్కడి శిబిరంలో. తండా ఆడవాళ్ళ వంతు వచ్చిన రోజున సక్రవ్వ కూడా దీక్షలో కూర్చునేది. మైకు వినపడదు కదా, జనం పెదవులు చూసి నినాదం పోల్చుకునేది. అందరూ "జై తెలంగాణ" అని చేతులు దించాక ఆమె ఒక్కతే పిడికిలి ఎత్తి గట్టిగా అరిచేది. శిబిరమంతా నవ్వేది. "మీరు జల్ది ఒడ్వగొట్టిన్రు, నేనేం జెయ్యాలె?" అనేది.

ఆ సమ్మెలోనే రెండు రోజులు రైళ్ళు ఆపారు. విజయవాడ లైను అట్లా చప్పుడు లేకుండా పడుకోవడం డోర్నకల్ ఎన్నడూ చూడలేదు. జనం పట్టాల మీదే వంటలు వండుకుని పట్టాల మీదే కూర్చుని తిన్నారు. సక్రవ్వ ఆ రెండు రోజులూ మేకల్ని తోలుకుని నేరుగా దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసిన పని ఏముంది? అంతకు ముందు ఎన్నేళ్ళ అలవాటో అది, రెండు రోజుల్లో మెడ మరిచిపోయింది.

మూడో రోజు రైళ్ళు మొదలయ్యాయి. సక్రవ్వ పట్టాల దగ్గరికి వెళ్ళి, ముందు రెండు రోజుల మాదిరిగానే నేరుగా దాటేసింది. మేకలు ఆమె వెనకే దాటాయి. ఇవతలి గట్టు మీద గార్డు కూర్చుని ఉంది. ఒక మేకపిల్ల మాత్రం పట్టాల మధ్య ఆగి గడ్డి పోచ కొరుకుతోంది. బండి దగ్గరికి వచ్చేసరికి గార్డు లేచి ఉరికి దాన్ని అవతలికి నెట్టింది. పిల్ల బతికింది. గార్డు వెనక ఎడమకాలు చక్రం కింద పడింది.

దాన్ని భుజాన వేసుకుని ఆమె మా గేటులోకి వచ్చేసరికి రవికంతా నెత్తురు. "టీచరమ్మా, నేను ఎనకకు సూడలే. సూడలే బిడ్డా" అన్న ఒక్క మాటే అంటోంది. తువ్వాలుతో తొడ పైన బిగించి కట్టాను. చదువుకున్నది చేతుల్లోకి వచ్చింది. దీపను ఇంటి ఓనరు సరోజనక్కకు ఇచ్చి, తండా ఆటో తుల్సీరాంను పిలిచాను. అతను ఆటో ముందు జెండా కట్టి, సీటు మీద యూరియా సంచి పరిచాడు. మహబూబాబాద్ బయలుదేరాం.

దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన గరిటె పట్టుకునే వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఎటు వోతున్నరు? బంద్ ఉన్నదని తెల్వదా?"

"కుక్క కాలు తెగిందన్నా, పశువుల దవాఖానకు" అన్నాడు తుల్సీరాం.

"ఏందిరో, తండా కుక్కలు గూడ ఆటో ఎక్కుతున్నయి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు. సక్రవ్వకు వినపడలేదు గానీ నవ్వే పళ్ళు కనిపించాయి. ఒళ్ళో కుక్కను పట్టుకునే ఆటో దిగింది. కిందికి వేలాడుతున్న కాలును చూపించింది. గరిటె ఆయన ఒక్క క్షణం చూసి వెనక్కి తిరిగాడు.

"జరుగుండ్రి. పొయ్యి జరుపుండ్రి."

నలుగురు కలిసి ఉడుకుతున్న అన్నం గిన్నెను గుడ్డలతో పట్టుకుని దించి, మండే కట్టెలు పక్కకు లాగి, రాళ్ళు తొలగించారు. ఆటో ఆ వేడి బూడిద మీదుగా పోయింది.

పశువుల దవాఖాన ముందు కూడా టెంటే. డాక్టర్ వీరేందర్ మెడలో కండువాతో అందులో కూర్చుని ఉన్నారు. విషయం విని లేచి తాళంచెవి జేబులోంచి తీశారు. "సమ్మె మనది, కుక్కది కాదు" అన్నారు. పరీక్ష చేశాక మొహం కిందికి దించి, కాలు తొడ దగ్గర తీసేయాలని చెప్పారు. సక్రవ్వ ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"మల్ల జెప్పు."

ఆయన మళ్ళీ చెప్పారు. తర్వాత ధైర్యం చెప్పడానికి, "ఇది ఎనక కాలు అవ్వా, నయం. కుక్క బరువు ఎక్కువ ముందటి కాళ్ళ మీదనే ఉంటది. మూడు కాళ్ళతోని ఉరుకుతది సూడు" అన్నారు.

"ఉరుకుతదా అని నేను అడుగుతలే సారూ. మంద ఎనక నడుస్తదా?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నడుస్తది" అన్నారు. ఆ మాటనే పట్టుకుని ఆమె బయట వేపచెట్టు కింద కూర్చుంది. కాలు తీసి కుట్లు వేశాక, చీకటి పడేలోగా ఇల్లు చేరాం.

కుట్లు మానేదాకా పొడిగా, శుభ్రంగా, ఈగలు వాలని చోట ఉంచమన్నారు డాక్టరు. తండాలో ఆమె గుడిసె చుట్టూ మేకలు, బురద. "మా వరండాల ఉంచుదాం" అని నేనే అన్నాను. అన్న మరు నిమిషం నుంచి భయం మొదలైంది. రాజీవ్ ఫోన్లో, "పాప పాకే ఇంట్ల కుక్కను పెట్టినవా? సైన్సు నువ్వు జదివినవా నేను జదివిన్నా?" అన్నాడు. దానికి పిచ్చికుక్క రోగం టీకా వేయించాను, వరండాకూ గదికీ మధ్య చెక్క అడ్డం పెట్టాను, రోజుకు రెండుసార్లు ఫినాయిల్‌తో తుడిచాను. రాత్రి దీప దగ్గితే కుక్క వెంట్రుకలేమోనని లేచి కూర్చునేదాన్ని. అయినా పంపించెయ్యమని సక్రవ్వకు చెప్పలేకపోయాను.

గార్డు కుట్లు నాకకుండా మెడకు గరాటాలాంటిది ఒకటి కావాలి. పట్నంలో దొరుకుతుందట, పట్నానికి బస్సు లేదు. ఎక్స్‌రే ఫిల్ము లాంటిదైనా సరిపోతుందన్నారు డాక్టరు. మర్నాడు సక్రవ్వ ఒక పెద్ద కవరు తెచ్చింది. లోపల సోమ్లా రొమ్ము ఎక్స్‌రేలు రెండు. వద్దవ్వా, ఆయన గుర్తు కదా అన్నాను.

"ఏం గుర్తు? గిండ్ల ఆయన మొగం ఉన్నదా? బొక్కలే గద" అంది.

రెండు ఫిల్ములు కలిపి కుట్టి, అంచుకు గుడ్డ చుట్టి మెడకు కట్టాం. పొద్దున ఎండ పడితే వరండా గోడ మీద సోమ్లా పక్కటెముకలు కుక్క తల తిప్పినప్పుడల్లా తిరిగేవి. సక్రవ్వ చూసి, "ఇంట్ల ఉన్నన్నాళ్ళు ఒక్క కాడ కూసోలే. ఇప్పుడు సూడు, గోడల మీద తిరుగుతుండు" అని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కుట్ల మీద పసుపు, ఆకుపసరు పూస్తానని ఆమె. ఏదీ పుయ్యొద్దని నేను. మూడు రోజులు ఇదే పంచాయితీ. నాలుగో రోజు చూస్తే గార్డు నొసటి మీద పసుపు ముద్ద. "కుట్ల మీద వద్దంటివి. నొసట వద్దనలే గద" అంది.

వరండా నున్నటి బండల మీద దాని కాళ్ళు జారేవి. అందుకని గోనెసంచులు పరిచి, అంచులు ఇటుకలతో అదిమాను. బయటికి తీసుకుపోవాలంటే సక్రవ్వ తన పాత పావడా గుడ్డ, అద్దాలు రాలిపోయినది, దాని పొట్ట కిందుగా వేసి రెండు కొసలూ పట్టుకుని వెనక భాగాన్ని ఎత్తేది. ముందు కాళ్ళతో అది, వెనక కాళ్ళుగా ఆమె. నొప్పి మాత్రలు జొన్నరవ్వ గట్కలో కలిపి పెడితే గట్క తిని మాత్ర ఉమ్మేసేది. చివరికి ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొనలో దాచాను.

అన్నిటికన్నా చూడలేకపోయింది ఒకటి ఉంది. ఎడమ చెవిలో దురద పుడితే గార్డు తల ఆ వైపుకు వంచి కళ్ళు సగం మూసేది. తొడ మొదలు టకటకా ఆడేది. లేని కాలితో గోక్కుంటోంది. కొంతసేపటికి ఆపి, ఎందుకు దురద పోలేదో తెలియక మా వైపు చూసేది. నరాల గురించి నేను పిల్లలకు పాఠం చెప్పినదాన్నే. చెప్పడం వేరు. సక్రవ్వ ఆ మొదలు ఆడినంతసేపూ అదే వేగంతో దాని చెవి వెనక గోకింది.

దసరాకు ఆమె కొడుకు రాంజీ హైదరాబాదు నుంచి వచ్చాడు. అక్కడ మేస్త్రీ పని. బస్సులు లేక లారీలు మారి వచ్చాడు. మా వరండాలో కుక్కను చూసి కాసేపు నిమిరాడు. తర్వాత తల్లికి ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలేలా నెమ్మదిగా చెప్పాడు.

"యాడీ, మేకలు అమ్ముదాం. బక్రీదుకు బేరగాడు వస్తడు. నా తాన ఉందువు, రా."

ఆమె కళ్ళు మూసుకుంది.

రాంజీ నా వైపు తిరిగాడు. "సూసినవా టీచరమ్మా, గిట్ల జేస్తది. కుక్క లేకుంటె పట్టాలు ఎట్ల దాటుతది? నాయిన ఊపిరి ఆ పట్టాల మీదనే వాయె. రేపు ఈమెను గూడ ఆడనే ఏరుకోవాల్నా నేను?" తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

సక్రవ్వ కళ్ళు తెరిచింది. "నీ తానకు వచ్చి ఏం జెయ్యాలెరా? నాకు తెలిసింది మేకలే. మేకలు లేని దినం నేను పొద్దుగాల లేసి ఎటు వోవాలె?"

"ఇంట్ల కూసో."

"కూసున్నోళ్ళకు చెవులుండాలె. టీవీ వినొచ్చు, పక్కింటోళ్ళ కొట్లాట వినొచ్చు. నేను గోడను జూసుకుంట కూసోవాల్నా?"

చాలాసేపటికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. దీపావళి దాకా చూడాలి. అప్పటికి గార్డు మంద వెనక పట్టాల దాకా నడిచి, మునుపటిలా పనికి వస్తే మేకలు ఉంటాయి. లేకపోతే బేరగాడికి. అప్పటిదాకా తండాలో మరొకరి మందతో ఈమె మేకలు మేతకు పోతాయి. సక్రవ్వ ఆ మాటకు కళ్ళు మూసుకోలేదు.

కుట్లు విప్పారు. పుండు చక్కగా మానింది. ఎక్స్‌రే గరాటా తీసేశాం, సక్రవ్వ దాన్ని మడిచి మళ్ళీ కవర్లో పెట్టుకుంది. ఇక నడిపించాలి. నేను పుస్తకం పెట్టి రాసుకున్నాను: పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు, మెల్లగా పెంచాలి. గుడ్డు చేతిలో పట్టుకుని నాలుగు అడుగుల దూరంలో కూర్చుని పిలిచాను. "గార్డూ, రా." అది నన్ను చూసింది, గుడ్డును చూసింది, ముందు కాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది.

సక్రవ్వ పిలిచింది. రాంజీ పిలిచాడు. దానికి మా ముగ్గురి మీదా ప్రేమే, తోక ఆడించేది. లేచేది మాత్రం కాదు. పావడా గుడ్డతో ఎత్తి నిలబెడితే నిలబడేది, వదిలితే మళ్ళీ కూర్చునేది. రోజులు గడిచాయి. నరం ఏదైనా దెబ్బతిన్నదేమోనని నాకు గుబులు. డాక్టరుకు ఫోన్ చేస్తే, "నిలవెడితె కాలు ఈడుస్తుందా? ఈడుస్తలేదు గద. కాలుల బలం ఉన్నది. ఎందుకు లేస్తలేదో మరి, దానికే తెల్వాలె" అన్నారు. రాంజీ బేరగాడితో మాట్లాడటం మొదలుపెట్టాడు. సక్రవ్వ రోజూ వచ్చేది గానీ మాటలు తగ్గాయి. ఒకనాడు దాని పక్కన కూర్చుని, "నేను సూడలేదని వీనికి కోపమున్నదేమో బిడ్డా" అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున పాలు పొంగుతున్నాయని నేను వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి చెక్క అడ్డం పక్కకు జరిగి ఉంది. దీప వరండాలో గార్డు పక్క నుంచే పాక్కుంటూ దాటిపోయి, మెట్టు దిగి, గేటు వైపు పోతోంది. చేతిలోని పాలగిన్నె కింద పెట్టబోయాను. అప్పుడు గార్డు లేచింది. గోనెసంచి మీద ఒకసారి పడింది, మళ్ళీ లేచింది. మెట్టు దిగడానికి ముందు కాళ్ళు వేసి, వెనక ఒంటికాలితో ఒక్క దూకు దూకింది. దీపకు రెండు మూరల వెనక, ముట్టుకోకుండా, కుంటుకుంటూ నడిచింది. పాప ఆగితే అదీ ఆగింది.

ఉరికి పాపను ఎత్తుకున్నాను. గార్డు అక్కడే కూర్చుండిపోయింది.

సక్రవ్వ వచ్చాక ఆమెకు ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పాను. "మా దీప మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో సూడవ్వా, పాప కోసం లేసింది" అన్నాను. సక్రవ్వ నా పెదవుల వైపు చూస్తూ చూస్తూ ఒక్కసారిగా నుదురు కొట్టుకుంది.

"పావురం గాదు, పాడు గాదు! మనకే తెలివి లేదు. వాడు గార్డు గదనే! మనం ముగ్గురం ముందల కూసొని రా రా అంటున్నం. ముందలోళ్ళంత పోకుండ వాడెట్ల లేస్తడు? ఆఖరోడు పోయినంక లేసేటోడు వాడు. మనం పోతలేం, వాడు లేస్తలేడు. నీ బిడ్డ ముందలికెళ్లి పాయె, వాని లెక్కల అది మేకపిల్ల!"

ఆమె అట్లా నవ్వడం నేను చూసి చాలా రోజులైంది. నాకు మొదట సిగ్గేసింది. అన్ని రోజులు గుడ్డు పట్టుకుని దాని ఎదుట కూర్చున్నది నేనే. పుట్టి బుద్ధెరిగాక అది ఎన్నడూ ఒకరి ఎదురుగా నడవలేదు, ఒకరి వెనకే నడిచింది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తెలిసి కూడా అన్ని కుక్కల్ని పిలిచినట్టే పిలిచాం.

మర్నాడు ఆమె మేకల్ని మా గేటులోంచి లోపలికి తోలింది. పూలకుండీలు పోయాయి. సరోజనక్క మేడ మీది నుంచి, "ఏం టీచరమ్మా, నా ఇల్లు మేకల దొడ్డి జేసినవా?" అని అరిచింది. మేకలు వరండా ముందు నుంచి ఒక్కొక్కటే నడిచి పక్క గేటు గుండా బయటికి పోయాయి. మేం ఎవ్వరం పిలవలేదు. చివరి మేక గేటు దాటాక గార్డు ముందు కాళ్ళు చాపి, ఒళ్ళు విరుచుకుని లేచింది.

మొదటి రోజు వీధి మలుపు దాకా. తర్వాత చింతచెట్టు దాకా. నడక పాతది కాదు. వెనక కాలును రెండు ముందు కాళ్ళ మధ్యకు తెచ్చి వేయడం అది తనంతట తానే నేర్చుకుంది. తొందరగా అలిసిపోయేది. అలిసినప్పుడు కూర్చునేది. కూర్చుని, నాలుక బయట పెట్టి రొప్పి, మళ్ళీ లేచేది. అది కూర్చున్నప్పుడల్లా రాంజీ తల్లి వైపు చూసేవాడు. ఒకరోజు అనేశాడు కూడా.

"యాడీ, ఇప్పుడు వాడు అలిసి గూడ కూసుంటుండు. బండి వస్తె గూడ కూసుంటడు. ఏది ఏదో నీకెట్ల తెలుస్తది?"

సక్రవ్వ గార్డు వైపు తిరిగింది. అతను అడిగింది సైన్సు టీచరు అడగవలసిన ప్రశ్న.

దీపావళికి ముందు రోజు పొద్దున్నే పట్టాలకు బయలుదేరారు. సమ్మె అప్పటికి ముగిసింది, రైళ్ళన్నీ తిరుగుతున్నాయి. దీపను చంకనేసుకుని నేనూ వెళ్ళాను, కాలిబాటకు చాలా ఇవతల, గట్టు కిందే నిలబడ్డాను. దారిలో గార్డు రెండుసార్లు అలిసి కూర్చుంది. రెండుసార్లూ మంద ఆగింది. బేరగాడు మధ్యాహ్నం తండాకు వస్తున్నాడని రాంజీ నాకు ముందే చెప్పాడు.

పట్టాల దగ్గర సక్రవ్వ ఆగి వెనక్కి తిరిగింది. గార్డు కూర్చుంది. ఆమె మేకలకు అడ్డంగా కర్ర చాపి తనూ కూర్చుంది. ఎటు చూసినా బండి లేదు. కాసేపటికి కాజీపేట వైపు నుంచి గూడ్సు వచ్చింది. బొగ్గు పెట్టెలు, ఎంతకూ తరగని బండి. చివరి పెట్టె దాటిపోయింది.

రాంజీ మొహం తేటపడింది. "సరే, ఒకటి గెలిసిండు. చాల్ యాడీ" అని పట్టాల మీదకు అడుగు వేయబోయాడు. సక్రవ్వ అతని చొక్కా పట్టుకుంది. ఆమె చూపు గార్డు మీద ఉంది. గార్డు ఇంకా కూర్చునే ఉంది.

"బండి వాయె గదనే, వాడు అలిసిండు!"

ఆమె అతని పెదవులను చూడలేదు. కుక్క నాలుకను చూస్తోంది. తర్వాత నాకు చెప్పింది: అలిసినప్పుడు నోరు తెరిచి ఉంటుంది, అప్పుడు మాత్రం నోరు మూసి ఉందట, చెవులు నిక్కి ఉన్నాయట. అన్ని రోజుల నడకలోనూ ఆమె దాన్నే చూస్తూ వచ్చింది, మాకు చెప్పలేదు. రాంజీ చొక్కా విడిపించుకోబోయాడు. ఆమె రెండో చేతితో కూడా పట్టుకుంది.

అప్పుడు వచ్చింది, రెండో లైను మీద, పోతున్న గూడ్సు చాటు నుంచి ఎదురుగా, ఎక్స్‌ప్రెస్. గూడ్సు చప్పుడులో దాని చప్పుడు కలిసిపోయి నాకు కూడా వినపడలేదు. దాని గాలికి రాంజీ చొక్కా ఉబ్బింది. నేను దీప తలను గుండెలో దాచుకున్నాను.

దుమ్ము అణిగాక గార్డు లేచి నిలబడింది. సక్రవ్వ కర్ర తీసి ముందు దాటింది. మేకలు దాటాయి. రాంజీ కంకర మీద చతికిలబడి ఉన్నాడు. గార్డు కుంటుకుంటూ అతని దాకా వచ్చి ఆగింది. అతను ఇంకా ఇవతలే ఉన్నాడు కదా. రాంజీ దాన్ని కాసేపు చూశాడు. లేచి, చేతుల దుమ్ము దులుపుకుని, పట్టాలు దాటాడు. అప్పుడు గార్డు కదిలింది, పట్టా మీద ముందు కాళ్ళు వేసి, వెనక కాలితో దూకి, అతని వెనక.

"బేరగానికి రావద్దని జెప్త యాడీ" అన్నాడు రాంజీ అవతల చేరి.

ఆ మాట సక్రవ్వకు తెలియలేదు. ఆమె కొడుకు మొహం చూడటం లేదు. గట్టు మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి, రెండో పట్టా కూడా దాటేదాకా గార్డునే చూస్తోంది.